పాత కారుకు కొత్త సాకెట్టు పెట్టించే ముందు

సంపాదకులకు నమస్కారం.

పాత కార్లకు పూర్వపు కళ తేవడంపై ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. రంగు గురించి, క్రోమ్ పూత గురించి, సీట్ల గురించి ఎంతో శ్రద్ధగా రాశారు. చివర్లో మాత్రం ఫోన్ చార్జరు, స్టీరియో, వెనక కెమెరా ‘సులువుగా’ పెట్టించుకోవచ్చని ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ సులువు పనివల్లే నా కారు కాలిపోవలసింది. అందుకే ఈ ఉత్తరం.

మా నాన్నగారు నడిపిన కారది, 1962 మోడల్. ఫోన్‌లో దారి చూసుకోవాలి, చార్జింగ్ ఉండాలని మా అమ్మాయి అడిగితే నిరుడు ఒక ఎలక్ట్రీషియన్ చేత సాకెట్టు పెట్టించాను. పనిలో పనిగా స్టీరియో, 60 వాట్ల హెడ్‌లైట్ బల్బులు కూడా. అతను అన్నిటికీ కరెంటు లైట్ల స్విచ్చు వెనకున్న వైరు నుంచే లాగాడు. మధ్యలో ఫ్యూజు లేదు. ఆ కాలపు చాలా కార్లలో హెడ్‌లైట్లకు కూడా ఫ్యూజు ఉండదని నాకప్పటికి తెలియదు.

రెండు వారాలు బాగానే నడిచింది. ఒక వానరాత్రి లైట్లు, వైపర్లు, స్టీరియో అన్నీ వేసుకుని వస్తుంటే రబ్బరు మాడిన వాసన, వెంటనే డ్యాష్‌బోర్డు కింద పొగ. బండి పక్కకు తీసి, తడుముకుంటూ స్పానర్ వెతికి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసేదాకా నాకు ఊపిరాడలేదు. మర్నాడు విప్పి చూస్తే, గుడ్డ అల్లిక చుట్టిన ఆ వైరు నల్లబడిపోయి ఉంది. కొంచెం వంచానో లేదో లోపలి రబ్బరు ఎండుటాకులా పొడిపొడిగా రాలింది.

ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ముందే లెక్క వేసుకోకపోవడం నా తప్పే. ఇప్పుడు చెబుతాను. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే డైనమో నా కారులో గట్టిగా తిరిగినా ఇచ్చేది 22 ఆంపియర్లు. రెండు హెడ్‌లైట్లకే 10. వైపర్లకు 3, ఇగ్నిషన్ కాయిల్‌కు 4, వెనక దీపాలకూ మీటరు దీపాలకూ 2, స్టీరియోకు 5, చార్జరుకు 2. మొత్తం 26. పైగా బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, భారమంతా బ్యాటరీదే. ఈ 26లో లైట్లు, స్టీరియో, చార్జరువి కలిపి 19 ఆంపియర్లు స్విచ్చు దగ్గరి ఆ ఒక్క సన్నటి వైరులోంచే పోయాయి. వైరులో కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. ఫ్యూజు స్టీరియోను కాపాడడానికే అనుకుంటారు చాలామంది. ముందుగా అది కాపాడేది వైరును. అందుకే దాన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి.

ఎర్త్ సంగతి, అంటే బ్యాటరీ ఏ కొన కారు బాడీకి కలిపి ఉందన్నది, మీ వ్యాసంలో అసలే లేదు. ఆ రోజుల్లో చాలా బ్రిటిష్ కార్లకు బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉండేది. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1967 దాకా అలాగే వచ్చింది. ఇప్పటి స్టీరియో పైరేకు నెగటివ్‌కు కలిసి ఉంటుంది. దాన్ని అలాంటి కారు డ్యాష్‌బోర్డుకు బిగిస్తే బిగించినచోటే షార్ట్. కొన్నిటికి అసలు 12 వోల్టులే ఉండవు. అమెరికాకు వెళ్లిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు 1967 మోడల్‌తో గానీ 12 వోల్టుల బ్యాటరీ రాలేదు.

తర్వాత దగ్గరుండి మళ్లీ చేయించాను. డైనమో తీసి పెట్టెలో దాచి, దాని బదులు ఎక్కువ కరెంటిచ్చే 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ బిగించాం. డ్యాష్‌బోర్డులో కరెంటు చూపే ఆమీటర్ 30 ఆంపియర్ల దాకానే తట్టుకుంటుంది కాబట్టి చార్జింగ్‌కు విడిగా లావు వైరు వేశాం. ఇది మరిచిపోయి కొత్త ఆల్టర్నేటర్ కరెంటంతా పాత ఆమీటర్‌లోంచే పంపేవాళ్లున్నారు, అది మళ్లీ నిప్పుతో చెలగాటమే. కొత్త సామానంతటికీ బ్యాటరీ నుంచి వేరే లైను, వేరే ఫ్యూజు పెట్టె. హెడ్‌లైట్లకు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు. ఇప్పుడు పాత స్విచ్చు మీద రిలే కాయిళ్లకు కావలసిన కొద్దిపాటి కరెంటే పడుతుంది.

రిలేలకు ముందు బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులుంటే హెడ్‌లైటు దగ్గర 11.8 మాత్రమే చూపింది మీటరు. ఇప్పుడు 13.2. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. అంటే నాకు కావలసింది పెద్ద బల్బులు కాదు, సరైన వైర్లు. ఎల్ఈడీలు వేస్తే సరిపోదా అని అడుగుతారు. వెనక దీపాలకు మంచివే, ఇండికేటర్లకైతే వాటిని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషరూ మార్చాలి. పాత హెడ్‌లైట్ల అద్దంలో మాత్రం పెట్టకండి, ఎదుటివాళ్ల కళ్లు చెదిరిపోతాయి.

కాలిన ఆ ఒక్క వైరు తప్ప నాన్నగారి నాటి వైరింగ్‌లో దేన్నీ కోయనివ్వలేదు. రేపు ఎవరైనా పూర్వస్థితికి తేవాలనుకుంటే ఒక పూట పని.

దయచేసి వైరింగ్ గురించి బొమ్మతో సహా ఒక అరపేజీ వేయండి. కాలిన వైరు ముక్క, మూడు అంగుళాలది, ఈ కవరులోనే పెట్టాను. జాగ్రత్తగా తీయండి, ముట్టుకుంటే రాలుతోంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ ఉపాధ్యాయుడు