రాగి ఊరి నుంచి సత్యానికి ఉత్తరం

కిట్వే, జాంబియా
అక్టోబరు 26

ఒరేయ్ సత్యం,

"అంత రాగి ఉన్న దేశం ఇంత పేదగా ఎందుకుందిరా?" అని ఫోనులో అడిగి నువ్వు హాయిగా నిద్రపోయావు. నాకు రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు. అల్లుడి పుస్తకాల బీరువా తిరగేశాను. పక్కింటి పెద్దాయన గనిలో ముప్ఫై ఏళ్లు చేసి దిగినవాడు, రోజూ సాయంత్రం ఆయన బుర్ర తిన్నాను. రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు. కళ్లజోడు తుడుచుకుని కూర్చో.

ముందు ఊరి సంగతి. అక్టోబరు ఇక్కడ మన రోహిణి కార్తెతో సమానం. జకరండా చెట్లు మాత్రం ఆ ఎండలోనే ఊదా రంగు పూలు రాల్చి రోడ్లన్నీ కప్పేస్తాయి. ఆ పూల మీదుగా లారీలు పోతుంటాయి. ఒక్కో లారీలో ఇనుప పట్టీలతో బిగించిన రాగి పలకల కట్టలు. ఒక్కో పలక ఇంచుమించు మీటరు చదరం, అంచులు గరుకుగా, ఎండ పడితే పెళ్లివారి కొత్త బిందెలా మెరుస్తుంది. మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాను. గంటలో పదకొండు లారీలు సరిహద్దు వైపు పోయాయి. లెక్కల మాస్టారి బుద్ధి, ఏం చేయను!

ఊళ్లో రాగి తీశాక పారబోసిన చిట్టెం ఓ గుట్టయింది. నల్లకొండ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. అందులో మిగిలిన రాగి కోసం కుర్రాళ్లు గునపాలతో తవ్వుతుంటారు. 2018 జూన్‌లో అది విరిగిపడి పది మంది పోయారు. నీ ప్రశ్న నాకు అక్కడ నిలబడినప్పుడే సరిగ్గా అర్థమైంది.

కథ కాగితంతో మొదలవుతుందిరా. 1890లో ఈ దేశానికి పడమటి వైపు బరోట్సేలాండ్‌ను లెవానికా అనే రాజు ఏలుతున్నాడు. సెసిల్ రోడ్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి కంపెనీ తరఫున లాక్నర్ అనే మనిషి వచ్చి, తాను విక్టోరియా రాణి మాటగా మాట్లాడుతున్నానన్నట్టు నమ్మించాడు. ఏడాదికి 2,000 పౌండ్లు, పైగా రాణి రక్షణ. బదులుగా ఖనిజాల మీద హక్కు. రాణితో ఒప్పందం అనుకుని రాజు ఒప్పుకున్నాడు, తీరా చూస్తే అవతల ఉన్నది కంపెనీ. తెలిశాక లబోదిబోమంటూ రాణికి మొర పెట్టుకున్నాడు, ఫలితం లేకపోయింది.

అసలు విచిత్రం ఇది. రాగి ఉన్న ఈ ప్రాంతం ఆయన రాజధానికి తూర్పున వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడ ఆయన ఏలుబడే లేదని 1964లో ఈ దేశ ప్రభుత్వమే శ్వేతపత్రంలో వాదించింది. ఖమ్మం జమీందారు చేత సంతకం పెట్టించుకుని కర్నూలులో తవ్వుకున్నట్టన్నమాట. 1924లో కంపెనీ పరిపాలనను లండన్ ప్రభుత్వానికి అప్పగించింది కానీ, భూమి కింది హక్కు మాత్రం అట్టే పెట్టుకుంది. తెలివైన పని! పెద్ద గనులు ఆ తర్వాతే పుంజుకున్నాయి. తీసిన ప్రతి టన్నుకూ రాయల్టీ, అంటే ఖనిజం మీది హక్కు రుసుము, కంపెనీకి, పన్ను పెంచారని సమ్మె చేసిన కార్మికులకు 1935లో లువాన్షా గని దగ్గర తుపాకి గుళ్లు. ఆరుగురు చనిపోయారు.

ఇక 1964 అక్టోబరు. తెల్లారితే స్వాతంత్ర్యం, రాయల్టీ హక్కు మాత్రం ఇంకా కంపెనీ చేతిలోనే. కొత్త జెండా ఎగరడానికి కొన్ని గంటల ముందు రాజధాని లుసాకాలో తోట విందు జరుగుతోంది. ఆ చాయ్ కప్పుల మధ్యే బేరం తెగింది. 40 లక్షల పౌండ్లకు కంపెనీ హక్కు వదులుకుంది. అందులో సగం బ్రిటన్, సగం ఈ దేశం. ఒరేయ్, దొంగ దగ్గర తన బిందె తాను కొనుక్కున్నట్టు, సొంత నేల కింది రాయికి 20 లక్షల పౌండ్లు కట్టి జాంబియా పుట్టింది! ఈ ముక్క చదివిన రాత్రి అన్నం సయించలేదు. మా అమ్మాయి ఇక్కడి వంటకం షీమా వండింది, మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటికి అన్నదమ్ముడు. అలాగే వదిలేశాను.

హక్కు వచ్చింది, గనులు రాలేదు. అవి రెండు విదేశీ కంపెనీలవి. 1969లో అధ్యక్షుడు కౌండా 51 శాతం వాటా ప్రభుత్వానికి అమ్మమన్నాడు. 51 అనగానే నీకు సింగరేణి గుర్తొచ్చి ఉంటుంది. మీ తెలంగాణ ప్రభుత్వ వాటా కూడా అంతే కదా. ఒకప్పుడు లండన్ కంపెనీగా మొదలైనదాన్ని 1945లో నిజాం ప్రభుత్వం కొన్నదని నువ్వే చెప్పేవాడివి. ఇక్కడ మాత్రం వాటా చేతికొచ్చినా నిర్వహణ, అమ్మకాల ఒప్పందాలు 1973 దాకా పాత కంపెనీల దగ్గరే ఉన్నాయి. ఎద్దు మనది, పగ్గం వాళ్లది.

పైగా సముద్రం లేని దేశం. 1965లో దక్షిణాన రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) తెల్ల ప్రభుత్వం బ్రిటన్ మీద తిరగబడేసరికి రాగి పోయే దారికే ఎసరొచ్చింది. కరీబా డ్యాం కరెంటు మీద గనులు నడిచేవి, ఆ విద్యుత్ కేంద్రమేమో నదికి దక్షిణపు ఒడ్డున, రొడీషియా వైపు! చైనా సాయంతో టాంజానియాలోని దారెస్సలాం రేవు దాకా 1,860 కిలోమీటర్ల రైలు మార్గం వేసుకున్నారు. అది పూర్తయ్యేసరికి, 1975కల్లా, రాగి ధర కుప్పకూలింది. ధర నిర్ణయమయ్యేది లండన్ మార్కెట్‌లో. ఎగుమతుల్లో 90 శాతానికి పైగా రాగే ఉన్న దేశానికి ఇంకేం మిగులుతుంది? అప్పులు, అప్పిచ్చిన అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎమ్‌ఎఫ్) షరతులు, చివరికి 1997 నుంచి గనుల అమ్మకం. వరస నీకు తెలిసిందే.

ఇక్కడే నేను తలదించుకోవలసి వచ్చింది. చింగోలాలోని కోంకోలా గనుల్లో 51 శాతం వాటాను 2004లో 2 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది మన భారతీయుడి కంపెనీ వేదాంత. పేరు చూడు! అంత చవకగా కొన్నామని ఆ సంస్థ అధిపతి ఒక సభలో చెప్పుకున్న వీడియో 2014లో ఇక్కడ దుమారం లేపింది. నీళ్లు పాడయ్యాయని చింగోలా దగ్గరి పల్లెల వాళ్లు 1,800 మందికి పైగా లండన్ కోర్టుకెళ్లారు. ఆ దావా ఇంగ్లండులో నడవవచ్చని 2019లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 2021లో తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీ చేసుకుంది.

ఇదంతా చెప్పాక పక్కింటి పెద్దాయన నా వైపు చూసి, "ముందు ఇంగ్లండు, తర్వాత మీరు" అన్నాడు. మాటలో కోపం లేదు. నేను మాత్రం చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. బొంబాయి షేర్లు కొన్నవాడినీ కాను, ఏ కంపెనీలో గుమస్తానీ కాను, అయినా ఆ "మీరు"లో నేనున్నాను కదా.

నిన్న ఆయన నన్ను ఎదురు ప్రశ్న వేశాడు. మీ దేశంలోనూ బొగ్గు గనుల ఊళ్లున్నాయట కదా, గని ప్రభుత్వానిదే అయితే కథ వేరేలా ఉంటుందా, గని మూసేశాక ఊరు ఎలా ఉంటుంది, అని. నాకేం తెలుసు? ఇల్లందు బొగ్గు గనిలో తట్టాచెమ్మస్ (తట్ట, పార) పట్టినవాడివి నువ్వు. నాలుగు పేజీలకు తగ్గకుండా రాయి, ఆయనకు చదివి చెప్పాలి. డిసెంబరులో మా వాళ్లు వస్తున్నారు, వాళ్ల చేతికి పచ్చటి రాగిరాయి ముక్క ఒకటి ఇస్తాను. నీ బల్ల మీద బొగ్గు పెళ్ల పక్కన పెట్టుకో.

నీ
రఘు