కటాబా కొండల్లో ఈ ఏడాది మన పని: సభ్యులకు వార్షిక నివేదిక

అందరికీ నమస్కారం.

"ఈ ఏడాది అడవిలో ఎంత భూమి కలిసింది?" అని మీలో ఎక్కువ మంది అడిగారు, దానికే ముందు జవాబు చెప్తాను. మనం సాయం చేస్తున్న ల్యాండ్ ట్రస్ట్ (భూమి కొని కాపాడే స్వచ్ఛంద సంస్థ) ద్వారా ఈ ఏడాది నార్త్ కరోలినాలోని పిస్గా అడవిలో కొత్తగా ఒక్క ఎకరం కూడా కలవలేదు. డబ్బు ఎక్కడికీ పోలేదు, జమాఖర్చులు విడిగా పంపాం, చూడండి. కానీ పని రిజిస్ట్రేషన్ దాకా రాలేదు.

షార్లెట్ చుట్టుపక్కల మన ఇళ్లలో కుళాయి తిప్పితే వచ్చేవి కటాబా నీళ్లే. ఆ నది ఓల్డ్ ఫోర్ట్ దగ్గర కొండల్లో పుడుతుంది. నూరేళ్లకు ముందే అక్కడి కొండలు కలప కోసం నరికి బోడి చేశారు. పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూమి ఉంది కాబట్టి దాన్నే అడవిగా ప్రకటించగలిగారు. ఇక్కడ తూర్పున దాదాపు అంతా ప్రైవేటు భూమే కావడంతో కొనడం తప్ప దారి లేకపోయింది, అందుకే ప్రభుత్వం అలా కొనడానికి వీలుగా 1911 మార్చి 1న వీక్స్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కొన్న మొట్టమొదటి భూమి ఎక్కడో కాదు, మన కర్టిస్ క్రీక్ దగ్గర, 8,100 ఎకరాలు! తర్వాత ఇక్కడ పెద్ద ఎస్టేటు ఉన్న జార్జ్ వాండర్‌బిల్ట్ చనిపోయాక ఆయన భార్య ఈడిత్ సుమారు 86,700 ఎకరాలు ఎకరం 5 డాలర్ల లెక్కన ప్రభుత్వానికి అమ్మేశారు, 1916లో పిస్గా నేషనల్ ఫారెస్ట్ ఏర్పడింది.

ఇప్పుడు కొనడానికి మిగిలినవి అడవి మధ్యలో ఇరుక్కున్న చిన్న చిన్న ముక్కలు. మనం ఆశ పెట్టుకున్న ముక్కకి మూడు వైపులా అడవే. ఏప్రిల్‌లో దాని యజమాని, ఒక పెద్దాయన, మమ్మల్ని హద్దు వెంట తిప్పారు. చెట్ల బెరడు మీద ఫారెస్ట్ వాళ్లు కొట్టిన ఎర్ర పెయింట్ కనిపిస్తోంది, కానీ ఆయన పాత దస్తావేజులో హద్దు ఒక చెస్ట్‌నట్ చెట్టు దగ్గర మొదలై వాగులోని బండ దాకా వెళ్తుంది. బండ ఉంది, చెట్టు లేదు. తెగులు వచ్చి ఈ కొండల్లో పెద్ద చెస్ట్‌నట్‌లన్నీ ఎప్పుడో పోయాయి. ఆయన ఒక గుంట దగ్గర ఆగి, "మా నాన్న ఇక్కడే అనేవాడు" అన్నారు. ఆ ఒక్క మాట మీద రిజిస్ట్రేషన్ అవదు కదా, సర్వే చేయించాలి, మీ విరాళాల్లో కొంత దానికే పక్కన పెట్టాం.

ఇంతలో వేసవిలో ఆయన అమ్మడానికి ఇంకో ఏడాది ఆగుతానన్నారు. కమిటీలో ఒకరిద్దరు గట్టిగా అడుగుదామన్నారు, నేను ఒప్పుకోలేదు. మా తాతగారి మాగాణి ఒక ప్రాజెక్టు కింద పోయినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, నోటీసు వచ్చింది, అంతే. ఇష్టపడి అమ్మేవాళ్ల దగ్గరే, విలువ కట్టించిన ధరకే కొనాలి. ఆయన వద్దంటే వద్దు. మనసు మారితే ట్రస్టు ముందు కొని ఉంచుతుంది, ఫారెస్ట్ వాళ్లు నిధులు వచ్చాక తీసుకుంటారు. ఆ నిధులు సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వకాల ఆదాయం నుంచి వస్తాయి, 2020 చట్టంతో దేశం మొత్తానికి ఏడాదికి 90 కోట్ల డాలర్లు ఖాయమయ్యాయి. అయినా మన వంతు రావడానికి ఏళ్లు పట్టొచ్చు.

మిగతా పనులు క్లుప్తంగా: 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫానుకి ఓల్డ్ ఫోర్ట్ చుట్టూ కాలిబాటలు బాగా దెబ్బతిన్నాయి, పడిపోయిన కొమ్మలు లాగేయడానికి మనవాళ్లు చాలాసార్లు వెళ్లారు. పిల్లల నడక బాగా జరిగింది. కార్తీక వనభోజనాలకి ఉసిరి చెట్టు దొరకలేదు గానీ ఓక్ చెట్ల కింద పులిహోర మాత్రం మిగల్లేదు.

సర్వేకి పెద్దాయన ఒప్పుకున్నారు, అమ్మినా అమ్మకపోయినా హద్దు తేలితే తనకీ మంచిదే అన్నారు. ఆకులు రాలి హద్దులు కనిపించే ఫిబ్రవరిలో మొదలుపెడతారు. తోడు వెళ్లగలిగినవాళ్లు కమిటీకి చెప్పండి, బూట్లు గట్టివి వేసుకోండి, వాగు దాటాలి.