వైరు సరిగా నడవని మిగ్ వెల్డింగ్ మిషను: మార్చి ఇవ్వండి, లేదా డబ్బు తిరిగివ్వండి

కస్టమర్ సర్వీసు మేనేజరు గారికి,

విషయం: వారంటీలో ఉన్న మిగ్ మిషను వైర్ ఫీడర్ (వైరును ముందుకు నెట్టే భాగం) లోపం, మీ సర్వీసు సెంటరు తిరస్కరణ.

అయ్యా,

మాది కోనసీమ. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. గేటు బందులు, పశువుల పాక పైపులు, ట్రాక్టర్ తొట్టి తలుపు ఏటా ఏదో ఒకటి ఊడుతూనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, బురద దున్నడానికి ట్రాక్టర్‌కు వేసే ఇనుప దమ్ము చక్రాలు. సార్వా దమ్ముల్లో చక్రం పట్టీ విరిగితే, వెల్డింగ్ షాపులో వంతు వచ్చేదాకా చేను ఆగిపోతుంది. గ్యాస్ సిలిండర్ లేకుండా ఫ్లక్స్ కోర్ (లోపల పొడి ఉన్న) వైరుతో ఇంట్లోనే అతుక్కోవచ్చని మీ ప్రకటనలో చూసి ఈ మిషను కొన్నాను. బిల్లు జతచేశాను.

మొదటి నుంచీ వైరు ఆగి ఆగి వస్తోంది. ఆర్క్ వెలుగుతుంది, టప్ టప్‌మని ఆరిపోతుంది. కాసేపటికి వైరు టార్చ్ (చేత్తో పట్టుకునే వెల్డింగ్ గన్) కొసనున్న టిప్పుకు అంటుకుపోతుంది, లోపల వైరును నెట్టే రోలరు దగ్గర చిక్కు పడుతుంది. మీ సర్వీసు సెంటరు వాళ్లు మిషను తెరవకుండానే, పల్లెటూళ్లలో వోల్టేజీ తక్కువని, వాడకంలో పొరపాటని రాసి వారంటీ ఇవ్వబోమన్నారు. ఆ మాట సరికాదని చెప్పడానికే ఈ లేఖ.

వెల్డింగ్ చేస్తుండగా సాకెట్ దగ్గర మల్టీమీటరు పెట్టి చూశాను, 224 వోల్టులు ఉంది. అంతకన్నా గట్టి రుజువు ఇంకొకటి ఉంది. అతికే ఇనుముకు తగిలించే ఎర్త్ క్లాంపు తీసేసి, ఆర్క్ లేకుండా ట్రిగ్గర్ నొక్కినా వైరు అలాగే తడబడుతుంది. ఆర్కే లేనప్పుడు మిషను మీద లోడు ఎక్కడిది? కొత్త 0.8 మి.మీ. టిప్పు వేశాను. కేబుల్ మెలికలు లేకుండా నేల మీద తిన్నగా పరిచాను. వైరు చుట్ట (స్పూల్) నట్టు వదులు చేశాను. చివరికి టార్చ్‌ను మొత్తం ఊడదీసి, ఫీడర్ నుంచి వైరు ఒక్కటే బయటికి వచ్చేలా చూశాను. అప్పుడూ అంతే. అంటే తప్పు టిప్పుది కాదు, కేబుల్ లోపల వైరు నడిచే లైనరుది కాదు, మా ఊరి కరెంటుదీ కాదు. ఫీడర్‌దే.

పక్క మూత తీసి టార్చ్ లైటు వేసి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. రోలరు, దాన్ని నొక్కే చెయ్యి రెండూ ప్లాస్టిక్ దిమ్మ మీద బిగించారు. వైరు జారకుండా స్క్రూ కాస్త బిగించగానే ఆ దిమ్మ బయటికి వంగుతుంది. రోలరు గాడికి, దాని ముందున్న గొట్టం రంధ్రానికి సూటి తప్పుతుంది. వైరు ఆ రంధ్రం అంచుకు రాసుకుంటూ పోతోంది. కింద సన్నటి ఇనుప రజను పేరుకుపోయింది, ఫొటో చూడండి. స్క్రూ వదులు చేస్తే రోలరు ఉత్తినే తిరుగుతుంది, వైరు కదలదు.

పైగా మీరిచ్చింది నున్నటి వి-గాడి రోలరు. అది లోపల బోలు లేని గట్టి వైరుకు సరిపోతుంది. ఫ్లక్స్ కోర్ వైరు లోపల పొడి నింపిన సన్నని గొట్టం. ఎక్కువ నొక్కితే నలుగుతుంది, తక్కువ నొక్కితే జారుతుంది. దానికి పళ్ల రోలరు కావాలి. గ్యాస్ లేని వైరును పెట్టెలో మీరే పెట్టి, దానికి కావలసిన రోలరు ఇవ్వకపోవడం ఏం న్యాయం?

మీరిచ్చిన కాగితం మీద కనెక్షన్ల బొమ్మ కూడా తప్పే. అందులో టార్చ్ ప్లస్‌కు, ఎర్త్ మైనస్‌కు ఉన్నాయి. గ్యాస్‌తో గట్టి వైరు వాడేటప్పుడు అది సరైనదే. మీరిచ్చిన వైరుకు టార్చ్ మైనస్‌కు ఉండాలి. ఆ వైరు స్పూల్ లేబుల్ మీద కూడా అలాగే ఉంది. ఆ ప్రకారం మార్చాక చిమ్మే రవ్వలు బాగా తగ్గాయి, అతుకు లోపలికి దిగింది. కానీ మీ బొమ్మనే నమ్మి అలాగే వాడుతున్న వాళ్లు ఎందరో! బాక్సు మీద పెద్ద అక్షరాల్లో 200 ఆంపియర్లని ఉంది. ఆ కరెంటులో పది నిమిషాలకు 2 నిమిషాలే నడపాలన్న సంగతి వెనక ప్లేటు మీద మాత్రమే ఉంది. అది కూడా బాక్సు మీద వేయండి.

ఇది నా డబ్బు గొడవ ఒక్కటే కాదు. అతుకు మధ్యలో ఆర్క్ తెగిన పట్టీ, పైకి బాగానే అతికినట్టు కనిపించి, చేలో ఊడిపోతుంది. దమ్ము బురదలో పడ్డ ఇనుప ముక్క మళ్లీ దొరకదు. ఆ తర్వాత నాట్లకు దిగే ఆడవాళ్ల కాళ్లు కోసుకుపోతాయి. అందుకే ఈ మిషనుతో చక్రాల పని చేయడం మానేశాను. ఇప్పుడు అది పాకలో మూలన ఉంది.

లోహపు దిమ్మ ఉన్న ఫీడర్, 0.8 పళ్ల రోలరు వేసి ఇవ్వండి. అది కుదరకపోతే మిషను తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. పంపే ఖర్చు నా మీద వేయకండి. ఆ బొమ్మను సరిచేసి, తెలుగులో కూడా ముద్రించి, ఇప్పటికే కొన్నవాళ్లందరికీ పంపండి. సర్వీసు సెంటరు రాసిన తిరస్కరణను రద్దు చేసినట్టు నాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ఫీడర్ నుంచి వైరు తడబడుతూ వచ్చే వీడియో, ఫొటోలు, తిరస్కరణ కాగితం జతచేశాను. మీ ఇంజనీరును పంపితే టార్చ్ లేకుండా చేసిన ఆ పరీక్షే ఆయన ముందు మళ్లీ చేసి చూపిస్తాను.

ఇట్లు,
మీ మిషను కొన్న రైతు,
కోనసీమ