శబ్దం ఎక్కడ పుడుతుందో ముందు చూడు

హైదరాబాద్,
ఆదివారం.

ప్రియమైన మిత్రమా,

మీ బావగారు డల్లాస్ నుంచి హోమ్ థియేటర్ రిసీవరు, అంటే శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెట్టె, తెచ్చారనీ, దాని వెనక ఉన్న పోర్టుల వరసలు చూసి పెట్టె మళ్లీ మూసేశావనీ నిన్న ఫోనులో చెప్పావు. సినిమా పెడితే పాటలు ఇల్లు అదిరేలా, మాటలు మాత్రం గొణిగినట్టుగా వినిపిస్తున్నాయని అమ్మగారు బాధపడుతున్నారని కూడా అన్నావు. ఆ ఒక్క మాట కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. ఉత్తరమైతే టీవీ వెనక కూర్చున్నప్పుడు పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు రిసీవరు వెనక, కరెంటు వైరు దగ్గర అచ్చువేసిన అంకెలు చదువు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే అది అమెరికా కరెంటుకు చేసిన సరుకు. మన గోడ సాకెట్టులో వచ్చేది 230 వోల్టులు. పిన్ను మార్చే అడాప్టరు తగిలించి నేరుగా పెట్టావంటే అది ఆ పూటే కాలిపోవచ్చు. మీ ఇంట్లో ఉన్న స్టెబిలైజరు ఈ పనికి రాదు, ఎందుకంటే అది వోల్టేజీ హెచ్చుతగ్గులను సరిచేస్తుందే తప్ప 230ని సగానికి దించదు. దీనికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనాలి. రిసీవరు మీద రాసిన వాట్లకంటే దాని సామర్థ్యం బాగా ఎక్కువ ఉండాలి. సబ్‌వూఫరు (లోతైన బరువు శబ్దాలు మోగించే స్పీకరు) కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటే దాని మీది అంకెలూ చూడు, దానిలో సొంత ఆంప్లిఫయరు ఉంటుంది. రిసీవరు నుంచి వైరుతో నడిచే మామూలు స్పీకర్లకు ఈ ఇబ్బంది లేదు.

ఇక కలపడం సంగతి. ఒక్కో పరికరాన్ని చేతిలోకి తీసుకుని, దీని శబ్దం ఎక్కడ పుడుతోంది అని అడుగు. సెట్‌టాప్ బాక్సు, స్ట్రీమింగ్ స్టిక్, డిస్క్ ప్లేయరు, ఇవన్నీ బయటి పరికరాలు. వీటిని టీవీకి కాకుండా రిసీవరులో ఇన్‌పుట్ అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టులకు పెట్టాలి. శబ్దం అక్కడే ఆగుతుంది, బొమ్మ మాత్రం అవుట్‌పుట్ పోర్టు నుంచి మరో వైరు మీదుగా టీవీకి వెళ్తుంది. కానీ టీవీలోనే ఉన్న యాప్‌లో సినిమా చూస్తే శబ్దం టీవీలో పుడుతుంది కదా! అది వెనక్కి రావాలి. అదే వైరు మీద వెనక్కి తెచ్చే ఏర్పాటుకే ఏఆర్‌సీ అని పేరు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. టీవీకి మూడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉన్నా, సాధారణంగా ఒక్కదాని పక్కనే ఏఆర్‌సీ లేదా దాని మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ అని చిన్న అక్షరాలు ఉంటాయి. సెల్లు లైటు వేసి వెతుకు. రిసీవరు అవుట్‌పుట్ నుంచి వచ్చే వైరు సరిగ్గా ఆ పోర్టులోనే పడాలి. తర్వాత టీవీ సెట్టింగుల్లో సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ వైరు మీదుగా పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే ఏర్పాటు, ఆన్ చెయ్యి. చాలాసార్లు అది ఆ పేరుతో కనిపించదు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్జీలో సింప్లింక్ అనీ, సోనీలో బ్రావియా సింక్ అనీ ఉంటుంది.

ఈ విషయం ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా ఇంట్లో జరిగినదే. బిగించడానికి దుకాణం నుంచి వచ్చిన అతను పరికరాలన్నీ టీవీకే పెట్టి, టీవీ నుంచి రిసీవరుకు ఒక్క ఆప్టికల్ వైరు (శబ్దాన్ని కాంతి రూపంలో మోసేది) లాగి వెళ్లిపోయాడు. అయిదు స్పీకర్లూ మోగుతున్నాయి కాబట్టి మేము సంవత్సరం పాటు తృప్తిగానే విన్నాము. ఒక రాత్రి లైట్లు ఆర్పాక రిసీవరు ముందు భాగాన వెలిగే అక్షరాలు నా కంటబడ్డాయి. ఏ సినిమా పెట్టినా పీసీఎం అనే ఉంది. అంటే వస్తున్నది రెండు ఛానళ్ల శబ్దమే, దాన్నే రిసీవరు అయిదింటికీ పంచుతోంది. టీవీలో డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్ అన్నచోట పీసీఎం అని ఉన్నదాన్ని మార్చి, హెచ్‌డీఎంఐ వైరు ఏఆర్‌సీ పోర్టుకు పెట్టిన తర్వాత, అక్కడ మొదటిసారి డాల్బీ డిజిటల్ ప్లస్ అని, అంటే ఒక్కో స్పీకరుకు వేరే శబ్దం మోసుకొచ్చే రకం పేరు, వెలిగింది. ఆ రాత్రి వర్షం సన్నివేశంలో చినుకులు మా వెనక గోడ వైపు నుంచి వినిపించాయి. ఒక సంవత్సరం పోగొట్టుకున్నామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, నీకు అది రాకూడదు. నీ టీవీలో ఆ సెట్టింగు దగ్గర పాస్ త్రూ లేదా ఆటో అని ఉంటే అదే పెట్టు. ఆప్టికల్ వైరు డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనే శబ్ద రకాల వరకే మోయగలదు. ఓటీటీ యాప్‌లు ఎక్కువగా పంపే డాల్బీ డిజిటల్ ప్లస్ అందులో పట్టదు. బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ అనే ఇంకా నాణ్యమైన శబ్దం టీవీ మీదుగా రావాలంటే ఏఆర్‌సీ కూడా చాలదు, ఈఏఆర్‌సీ కావాలి. ప్లేయరును రిసీవరుకే పెడితే ఆ చిక్కే ఉండదు.

మీ అబ్బాయి గేమ్ బాక్సు ఒక్కదానికి మినహాయింపు ఉండవచ్చు. రిసీవరు హెచ్‌డీఎంఐ 2.0 వరకే అయితే సెకనుకు 120 ఫ్రేముల 4కే బొమ్మ దాని గుండా పోదు, కాబట్టి దాన్ని టీవీకే పెట్టు, శబ్దం ఏఆర్‌సీలో వెనక్కి వస్తుంది.

స్పీకరు వైర్ల దగ్గర తొందర వద్దు. పైతొడుగు ఒక సెంటీమీటరు ఒలిచి, రాగి పోగులను వేళ్లతో గట్టిగా పురి తిప్పి, ఎరుపును ఎరుపుకూ, నలుపును నలుపుకూ పెట్టు. ఒకసారి వెంట్రుక అంత పోగు ఒకటి పక్క టెర్మినల్‌కు తగిలినందుకే మా రిసీవరు టక్కుమని ఆగిపోయింది. ఈ పని చేసేటప్పుడు ప్లగ్గు గోడ నుంచి తీసి ఉండాలి.

చివరగా, రిసీవరుతో మైకు ఒకటి వచ్చి ఉంటుంది. తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపి, అమ్మగారు రోజూ కూర్చునే కుర్చీ దగ్గర ఆవిడ చెవి ఎత్తులో దాన్ని నిలబెట్టి, రిసీవరు చేత స్పీకర్ల శబ్దం కొలత తీయించు. స్పీకర్లు చిన్నవే అయినా రిసీవరు కొన్నిసార్లు వాటిని లార్జ్ అని రాసుకుంటుంది. స్మాల్ చేసి, క్రాస్ఓవరు, అంటే ఎంతకంటే కింది శబ్దం సబ్‌వూఫరుకు పోవాలో చెప్పే హద్దు, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు. సినిమాలో మాటలు ఎక్కువగా టీవీ కింద పెట్టే సెంటర్ స్పీకరులోంచే వస్తాయి. దాన్ని అలమర లోపలికి తోసెయ్యకుండా అంచుకు లాగి, అమ్మగారి ముఖం వైపు కొంచెం ఎత్తి పెట్టు. కొలత అయ్యాక ఆ ఒక్క స్పీకరు మోతాదును రెండు మూడు డెసిబెల్లు పెంచు. ఆ తర్వాత మాటలు ఎక్కువగా ఉన్న సన్నివేశం ఒకటి పెట్టి, ఆవిడనే అడిగి చూడు.

శనివారం మొదలుపెడతానన్నావు కదా. ప్లగ్గు పెట్టే ముందు టీవీ వెనక భాగం, రిసీవరు వెనక భాగం ఫొటోలు తీసి పంపు. సినిమా మొదలయ్యాక రిసీవరు ముందు ఏ అక్షరాలు వెలిగాయో అదీ పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు