ఆరుసార్లు ‘పరిష్కరించిన’ ఫిర్యాదు గురించి

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: ఇంటి విద్యుత్ రక్షణ పరికరాలపై నా ఫిర్యాదుకు జవాబు ఇవ్వకపోవడం.

అయ్యా,

మీ సంస్థ వేసి ఇచ్చిన ప్రణాళిక ప్రకారమే ఇంటికంతటికీ కలిపి ఒక ఆర్‌సీసీబీని (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా తెంచేసే స్విచ్చును), పడకగదుల సర్క్యూట్లకు ఆర్క్ ఫాల్ట్ పరికరాలను (వైరింగులో నిప్పురవ్వలు రేగితే కరెంటు ఆపేసేవాటిని) పెట్టించుకున్నాను. గీజరు వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోయి ఇల్లంతా చీకటవుతోంది. అది సరే, యంత్రమన్నాక మొరాయిస్తుంది. మనుషుల సంగతి చెప్పడానికే ఈ లేఖ.

మొదట ఫోనెత్తినాయన నా మాట పూర్తికాకముందే ఆర్‌సీసీబీ మీద ‘టీ’ అని ఉన్న పరీక్ష బటన్ నొక్కమన్నారు. నొక్కగానే పడిపోయింది. “అయితే బాగానే పనిచేస్తోందండీ” అని పెట్టేశారు. రెండో ఆవిడ బోర్డు ఫొటో అడిగారు, పంపాను. మూడోనాడు ఇంకొకరు ఫోన్ చేసి బోర్డు ఫొటో అడిగారు, మళ్లీ పంపాను. నాలుగో ఆయన ఎర్తింగ్ చూపించుకోమన్నారు. నా ఖర్చుతో ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే, ఎర్తింగూ గీజరూ రెండూ బాగున్నాయనీ, ఒక్కో ఉపకరణం నుంచి కొద్దికొద్దిగా లీకయ్యే కరెంటంతా ఒకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మీద పడుతోందనీ, సర్క్యూట్లను విడదీసి రెండు మూడు పెట్టవలసిందనీ ఆయన పావుగంటలో తేల్చి చెప్పారు.

ఆ మాటే మీ అయిదో ప్రతినిధికి చెబితే, ఆర్‌సీసీబీ తీసేసి ఎంసీబీతో (లోడు మించినా, షార్టయినా మాత్రమే పడే స్విచ్చుతో) సరిపెట్టుకోమని సలహా ఇచ్చారు! మనిషి ఒంటి గుండా భూమిలోకి పోయే కరెంటుకు ఎంసీబీ పడదని మీ కరపత్రంలోనే ఉంది. ఆరో ఆయనైతే ఆర్‌సీసీబీ ఉండగా ఆర్క్ పరికరం దండగన్నారు. వదులైన స్క్రూ దగ్గర రేగే నిప్పురవ్వలో భూమికి లీకయ్యేదేమీ ఉండదు గనుక ఆర్‌సీసీబీ దాన్ని పట్టలేదని ఆయనకు నేనే పాఠం చెప్పవలసి వచ్చింది. సగంలోనే లైను తెగింది. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి ఆర్‌సీసీబీ 0.3 సెకన్లలోపు తెగాలంటారు. ఆ చురుకుదనంలో మీ ఫోన్ లైనుకు వంక పెట్టలేను.

ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ “మీ ఫిర్యాదు పరిష్కరించబడినది” అన్న సందేశం మాత్రం ఠంచనుగా వచ్చింది. పన్నెండేళ్లుగా స్విచ్చు మొదలు వైరు దాకా మీవే కొంటూ, బంధువుల చేత కూడా కొనిపించిన నాకు దక్కిన మర్యాద ఇది.

ప్రణాళికలో తప్పు ఎవరిదో రాతపూర్వకంగా చెప్పి, సర్క్యూట్లను విడదీయించే బాధ్యత మీరే తీసుకోండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆ ఆరు సందేశాలనూ జతచేసి వినియోగదారుల న్యాయస్థానానికి వెళతాను. ఈలోగా దయచేసి బోర్డు ఫొటో మాత్రం అడగవద్దు.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు