మూలపేట రేవులో రీఫర్ ప్లగ్గులు ఎన్ని?

సంపాదకులకు,

మూలపేట రేవు పూర్తయితే సిక్కోలు రొయ్య నేరుగా ఓడెక్కుతుందన్న మాట ఈమధ్య సభల్లోనూ పత్రికల్లోనూ తరచూ వినిపిస్తోంది. సంతబొమ్మాళి మండలంలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన ఈ రేవు జిల్లాకు మేలు చేస్తుందనడంలో మాకు అనుమానం లేదు. అయితే బెర్తుల లెక్క, లోతు లెక్క చెబుతున్నవారెవరూ రీఫర్ ప్లగ్గుల, అంటే శీతల కంటైనర్లకు కరెంటు ఇచ్చే సాకెట్ల లెక్క ఎత్తడం లేదు. గడ్డకట్టిన సరుకుకు ఓడకంటే ముందు కావలసింది అదే.

రీఫర్ కంటైనర్ అంటే చక్రాల మీది ఫ్రీజర్ అని చాలామంది అనుకుంటారు. చల్లగా ఉన్న సరుకును చల్లగా ఉంచడం వరకే దాని పని. వేడి సరుకును గడ్డకట్టించే సత్తువ దానికి లేదు. ప్లాంటులో ప్లేట్ ఫ్రీజర్ మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడిచి, గడ్డకట్టిన రొయ్యల బ్లాకు నడిమధ్య మైనస్ 18కి దిగాకే కంటైనర్‌లోకి వెళ్లాలి. ఆర్డరు తొందరలో మైనస్ 12 దగ్గరే తీసేసి, మిగతాది కంటైనర్ చూసుకుంటుందిలే అంటే అది చూసుకోదు. లోపలి గాలి పెట్టెల గుట్ట చుట్టూ తిరుగుతుందే గానీ మధ్యలోకి దూరదు. బయటి వరుసలు ముందు దారికొస్తాయి, నడిమి పెట్టెలకు వారాలు పడుతుంది. అందుకే లోడింగ్ మొదట్లో, మధ్యలో, చివర్లో తలా ఒక పెట్టె తెరిచి, బ్లాకుకు డ్రిల్లుతో రంధ్రం వేసి, థర్మామీటర్ ముల్లు దించి చూడాలి. డ్రిల్లు బిట్టునూ ముల్లునూ ముందే చల్లబరచకపోతే వచ్చే అంకె రొయ్యది కాదు, ముల్లుది. పెట్టె మీద లేజర్ థర్మామీటర్ తుపాకీ గురిపెట్టి రిజిస్టర్ నింపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది చెప్పేది అట్ట వేడి.

ఎక్కించే పద్ధతిలోనూ మెలకువలున్నాయి. చల్లగాలి అడుగున ఉన్న అల్యూమినియం పట్టీల సందుల్లోంచి తలుపు దాకా వెళ్లి, పైకి లేచి, కప్పు కిందుగా యంత్రానికి తిరిగొస్తుంది. గోడ మీది ఎర్రగీత దాటి పెట్టెలు పేరిస్తే తిరుగుదారి మూసుకుపోతుంది. ఇంకో పాతిక పెట్టెలు పడతాయని గీత మీదికి ఎక్కించడం మన దగ్గర మామూలే, తలుపు దగ్గరి వరుసలు మెత్తబడి చేరడమూ మామూలే. ఖాళీ కంటైనర్‌ను ముందే చల్లబరిచి తెప్పించడం కూడా అన్నిచోట్లా మంచిది కాదు. ప్లాంటులో సరుకు ఎక్కించే డాకుకూ కంటైనర్‌కూ మధ్య రబ్బరు సీలు బిగుతుగా ఉంటే సరే. ఆరుబయట తలుపు తీస్తే మన తీరపు ఉక్కగాలి లోపలికి పోయి గోడలన్నీ నీరుగారుతాయి, ఆ నీరే తర్వాత చల్లబరిచే కాయిల్ మీద మంచవుతుంది. అలాంటి ప్లాంటులో యంత్రం ఆపి, గబగబా ఎక్కించి, తలుపు వేశాకే ఆన్ చేయాలి.

కాగితం మీద ఒక్క గీత తప్పినా కంటైనర్ మొత్తం పోతుంది. బుకింగులో మైనస్ గుర్తు పడకపోతే ప్లస్ 18కి సెట్ చేసిన కంటైనర్ వస్తుంది. అమెరికా కొనుగోలుదారు సున్నా అని రాస్తే అది ఫారన్‌హీట్ సున్నా, అంటే మన మైనస్ 18. దాన్ని సెల్సియస్ సున్నాగా ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గాలి మార్పిడి కిటికీ గడ్డకట్టిన సరుకుకు పూర్తిగా మూసి ఉండాలి. తెరిచి ఉంటే తేమ చేరి, యంత్రం మాటిమాటికీ మంచు కరిగించుకునే డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది. యంత్రం తెరమీద లోపలికి పోయే గాలిది, తిరిగొచ్చే గాలిది అని రెండు అంకెలు కనిపిస్తాయి, డ్రైవరు గమనించాల్సింది తిరుగుగాలిది. మైనస్ 10కి దిగువన సెట్ చేస్తే యంత్రం దాన్ని బట్టే నడుస్తుంది.

ఇక ప్లగ్గుల సంగతి. ప్లాంటు నుంచి రేవు దాకా ట్రైలర్‌కు తగిలించిన డీజిల్ జెన్‌సెట్ కరెంటు ఇస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లే, ఆ ప్రయాణం పెద్ద బెడద కాదు. గేటు దగ్గర క్యూ, ప్లగ్గు ఖాళీ లేక యార్డులో పడిగాపులు, డీజిల్ మిగులుతుందని దారిలో జెన్‌సెట్ ఆపేయడం, ఇవీ అసలు బెడదలు. విదేశంలో మెత్తబడిన సరుకు మీద తగవు వచ్చినప్పుడు కంటైనర్ లోపలి రికార్డర్ గంటగంటకూ రాసిపెట్టిన అంకెలే సాక్ష్యం. కరెంటు లేని గంటలు అందులో ఖాళీగా కనిపిస్తాయి.

మైనస్ 18 నుంచి మైనస్ 8కి ఎక్కి మళ్లీ దిగిన రొయ్య పైకి రాయిలానే ఉంటుంది. లోపల సన్నటి మంచు పలుకులు కరిగి, పెద్దవిగా మళ్లీ కట్టి, కండ పోగులను చీలుస్తాయి. వండేవాడు కరిగించినప్పుడు నీరు కారి బరువు తగ్గుతుంది. ఒక్కొక్కటిగా గడ్డకట్టించి విడివిడిగా ఉండాల్సిన ఐక్యూఎఫ్ రొయ్యలు ముద్దగా అతుక్కుని, సంచి అడుగున మంచుపొడి చేరితే కొనుగోలుదారుకు కథంతా తెలిసిపోతుంది. యూరప్ నిబంధనలు రవాణాలో కాసేపు 3 డిగ్రీల వరకే పెరుగుదలను ఒప్పుకుంటాయి. పైగా 2023 చివర ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టి వెళ్లాల్సి వచ్చింది. మధ్యలో ఓడ మారినప్పుడల్లా ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాలి. ఇక్కడే సగం చల్లదనం పోగొట్టుకున్న సరుకు అంత దూరం తట్టుకోదు.

కాబట్టి మూలపేటలో కంటైనర్ యార్డు కట్టేటప్పుడే మూడు ఫేజుల, 32 ఆంపియర్ల, నాలుగు పిన్నుల సాకెట్ల వరుసలు, వాటికి సొంత జనరేటర్లు ఉండాలి. ఒక్కో రీఫర్ మామూలుగా మూడు నాలుగు కిలోవాట్లతో సరిపెట్టుకున్నా, వేడెక్కి ఉన్నప్పుడు 10 దాటి లాగుతుంది. కరెంటు పోయి వచ్చాక వంద రీఫర్లూ ఒక్కసారే లేస్తే ట్రిప్పవుతుంది, వంతులవారీగా లేపే ఏర్పాటు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదన్నది ఇంజనీర్లు మరవకూడదు.

ఖాళీ రీఫర్లు ఎక్కడినుంచి వస్తాయన్నది ఇంకో చిక్కు. మన జిల్లాకు చల్లని సరుకు దిగుమతి లేదు గనక ప్రతి ఖాళీ కంటైనర్‌నూ వేరేచోటి నుంచి మోసుకురావాలి, ఆ ఖర్చు చివరికి చెరువు గట్టు మీద రైతుకిచ్చే కౌంటు ధరలోనే (కిలోకు ఎన్ని రొయ్యలన్నదాన్ని బట్టి కట్టే ధర) తేలుతుంది. వచ్చిన కంటైనర్‌ను కడిగి, తలుపు రబ్బరు, సెన్సర్లు, కంప్రెసర్ పరీక్షించి పంపే చోటు రేవు పక్కనే ఉండాలి. కస్టమ్స్ తనిఖీకి శీతల గది కావాలి. మే నెల ఎండలో తలుపు బార్లా తీసి పెట్టెలు దించడం కంటే సరుకుకు అన్యాయం లేదు. తనిఖీ తర్వాత వేసిన కొత్త సీలు నంబరు ఆరోగ్య ధ్రువపత్రంలోనూ మారాలి. అది మరిచిపోతే చెక్కుచెదరని సరుకు కూడా అవతలి రేవులో ఆగిపోతుంది.

విజయనగరం మామిడి రైతులూ ఇదే రేవు మీద ఆశ పెట్టుకుంటే వారి లెక్క వేరు. మామిడికి 12, 13 డిగ్రీలు ఉండాలి. 10కి దిగువన కాయ తొక్క బూడిదరంగు తిరిగి, బయటికి తీశాక సరిగా పండదు. కాయ ఊపిరి పీలుస్తుంది గనక గాలి మార్పిడి కిటికీ తెరవాలి, ఎంత గాలి మారాలో గంటకు ఘనపు మీటర్లలో రాయాలి. శాతాల్లో రాస్తే ఒక్కో యంత్రానికి ఒక్కో అర్థం. తోట వేడిని కంటైనర్ తీయలేదు, ముందే ప్యాక్‌హౌస్‌లో గాలి తోసి చల్లార్చాలి. పలాస జీడిపప్పుకు ఈ బాధలేవీ లేవు, మామూలు కంటైనర్ చాలు.

వీటిలో ప్లగ్గులు, జనరేటర్లు, తనిఖీ గది రేవు నిర్మాణ ఒప్పందాల్లో ఉన్నాయో లేదో, ఉంటే ఎన్నో, అధికారులు ప్రకటించాలి. జిల్లా ఐటీఐల్లో ఏసీ మెకానిక్ ట్రేడు చదివే పిల్లలకు పాత రీఫర్ యంత్రం ఒకటి తెచ్చిపెట్టి నేర్పిస్తే, యార్డు తెరిచేనాటికి అలారం చదవగలిగే చేతులు ఇక్కడే దొరుకుతాయి.

ఇట్లు,
రొయ్యల ప్రాసెసింగ్, లోడింగ్ విభాగాల ఉద్యోగులు కొందరు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా