ఓడిపోవడానికైనా జట్టు ఉండాలి

సంపాదకునికి,

హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోతే నగరంలో పెద్దగా ఎవరూ బాధపడినట్లు లేదు. మా కొద్దిమంది అభిమానులం మాత్రం ఇప్పటికీ 2023 మార్చి సెమీఫైనల్ గురించే వాదించుకుంటాం. అంతకు ముందు ఏడాది గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిన జట్టు, కోల్‌కతాలో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో అవే పెనాల్టీల్లో 3-4తో ఓడి టైటిల్ వదులుకుంది.

సికింద్రాబాద్‌లోని ఒక ఇరానీ హోటల్లో టీవీ ముందు గుమిగూడి చూశాం. పసుపు జెర్సీ వేసుకున్న ఒక పెద్దాయన ప్రతి కిక్కుకూ కళ్లు మూసుకుని "పడిందా?" అని అడిగేవారు. చివరి కిక్కుకు ఎవరూ జవాబు చెప్పలేదు. అందరి చాయ్ మీదా మీగడ కట్టింది. యజమాని వెంటనే చానల్ మార్చి క్రికెట్ పెట్టాడు. ఆ కోపం నాకింకా తీరలేదు.

కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన సిటీ పోలీసు జట్టు ఈ ఊరిదే. 2024 డిసెంబరు 31న రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది మాత్రం బెంగాల్, కేరళ!

ప్రైవేటు క్లబ్బులు వస్తాయి, పోతాయి. ప్రభుత్వం పాఠశాల మైదానాలకు సాయంత్రం తాళాలు వేయించకుండా చూడాలి. మీరు కూడా క్రీడా పేజీలో స్థానిక లీగ్ ఫలితాలకు నాలుగు వరుసల చోటివ్వండి.

– ఒక ఫుట్‌బాల్ అభిమాని, సికింద్రాబాద్